చెరువులో తేలిన సుంకమయ్య చెయ్యి

మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు నీళ్ళకు మర్యాద లేదు. కాలవలో నీళ్ళు, బోదెలో నీళ్ళు, వానాకాలంలో వంటింట్లో నీళ్ళు, పాలవాడి చెంబులో పాలకంటె ముందు నీళ్ళు. నలభై అయిదేళ్ళుగా అక్కడ నాని నాని బూజుపట్టిన మనిషిని, ఒక వారం ఎండలో ఆరవేసుకుని వద్దామని చైత్రమాసం చివర రాయలసీమకు బయలుదేరాను.

ఇది ఇంట్లో చెప్పిన కారణం. అసలు కారణం కర్నూల్లో గుమాస్తాగిరీ చేస్తున్న మా మేనల్లుడు రాసిన ఉత్తరం. కర్నూలు జిల్లాకూ కడప జిల్లాకూ సరిహద్దున ఒక పాత చెరువుందట. ఎప్పుడో దాని కట్ట కట్టినప్పుడు ఒక సుంకం మంటపం మునిగిపోయిందట. ఏటా ఎండాకాలం నీళ్ళు దిగేకొద్దీ ఆ మంటపం స్తంభం మీద చెక్కిన సుంకం వసూలుదారు సుంకమయ్య బయటపడతాడట: ముందు తలపాగా, తరవాత మీసం, ఆ తరవాత చాచిన కుడిచెయ్యి. "మామయ్యా, వందల ఏళ్ళు నీళ్ళలో మునిగి ఉన్నా చాచిన చెయ్యి ముడవలేదు," అని రాశాడు. కొలువులో ఇంత పట్టుదల ఉన్నవాణ్ణి దర్శించుకోకపోతే జన్మ వృథా అనిపించింది.

కర్నూలు

కొత్త రాష్ట్రానికి రాజధాని కదా, మేడలుంటాయనుకున్నాను. డేరాలున్నాయి. ఒక డేరాలో ఒక శాఖ, పక్క డేరాలో ఇంకో శాఖ. గాలి గట్టిగా వీస్తే రెండూ ఒకటే శాఖ. నేను చూస్తుండగానే సుడిగాలి వచ్చి మా మేనల్లుడి బల్ల మీది కాగితాలన్నీ ఎత్తుకుని తుంగభద్ర వైపు పోయింది. వాడు తలెత్తి చూసి, "హమ్మయ్య, ఆర్నెల్లకు ఆ ఫైలు కదిలింది," అన్నాడు. తుంగభద్ర అంటారా, ఉంది. ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య ఇసుక, ఆ ఇసుక మధ్య ఒక పాయ. మా దొడ్లో అంట్లు తోమిన నీళ్ళు అంతకంటె వెడల్పుగా పారతాయి.

నన్ను ఊరంతా తిప్పిన జట్కా హుసేన్ సాహెబు మాత్రం రాజధాని గురించి గర్వంగానే చెప్పాడు. "ముందు ఎద్దుల కొట్టాలకు బాడిగే లేదు సాబ్. ఇప్పుడు కొట్టానికొక ఆఫీసరు ఉండాడు."

"మరి ఎద్దులు?"

"ఎండలో ఉండాయి సాబ్. వాటికి సిఫారసు చేసేవాళ్ళు లేరు గదా."

హోటల్లో ఉగ్గాని అనే పలహారం తిన్నాను. బొరుగులు తడిపి, పిండి, తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ వేసి రెండణాలు పుచ్చుకున్నారు. మా వైపు ఈ బొరుగులనే మరమరాలంటాం. పిల్లల గుప్పెట్లో పోసి ఏడుపు మాన్పిస్తాం. ఇక్కడ పెద్దవాళ్ళు తిని ఏడుస్తారు, ఆ మిరపకాయ అలాంటిది. నేను వరసగా ఆరు గ్లాసుల మంచినీళ్ళు అడిగేసరికి హోటలాయన చెంబు వెనక్కి లాక్కుని, "యా ఊరప్పా నీది? బావి ఎంట పెట్టుకుని రావాల్సింది," అన్నాడు.

కోయిలకుంట్ల

నంద్యాల మీదుగా కోయిలకుంట్లకు బస్సు. ముప్పై మంది పట్టే బండిలో నూటయాభై మందిమి, పదకొండు మేకలు. నా ఒళ్ళో కూచున్న మేకకు టిక్కెట్టు లేదని కండక్టరు నన్ను దబాయించాడు. అది నాది కాదన్నాను. మేక నా మొహంలోకి చూసిన చూపుకు బస్సంతా దాని పక్షమే అయింది. చివరికి దానికి అణా చెల్లించాను. దిగేటప్పుడు దాని అసలు యజమాని వచ్చి తోలుకుపోయాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక్కడి నల్లరేగడి ఎండకు పగులుతుంది. ఒక పగులులో నా చేతికర్ర జారిపడింది. అడుగున తగిలిన చప్పుడు భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటుంటే వినిపించింది. భోజనం ఆరణాలు. పళ్ళెమంత జొన్నరొట్టె, పుంటికూర, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. పుంటికూర అంటే మరేమిటో కాదు, మా గోంగూరే. పేరు మార్చుకుని ఇక్కడ కాపురం పెట్టింది.

మర్నాడు ఎద్దుల బండిలో నాలుగు ఆమడలు, బండివాడి లెక్కలో ఏడు మైళ్ళు, ప్రయాణం చేసి చెరువు చేరాను.

కట్ట మీద

కట్ట మీద ఒక ముసలాయన తలగుడ్డ చుట్టుకుని చెరువు వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు. పేరు ఏసోబు. తూము తెరవడం, మూయడం ఆయన పని, నీరుగట్టి అంటారు. సుంకమయ్య చెయ్యి చూడాలని వచ్చానన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. "నీకు ఈ రెండూళ్ళలో భూమి ఉండాదా?"

"లేదు."

"గొడ్డూ గోదా?"

"లేవు."

"పిల్లనిచ్చినోళ్ళు, తెచ్చుకున్నోళ్ళు?"

"ఎవరూ లేరయ్యా. ఒక రాతిచెయ్యి చూడ్డానికి ఇన్ని అర్హతలు కావాలా?"

ఆయన జవాబు చెప్పబోయి, ఆగి, నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. చెప్పినదాని సారం ఇది. కట్ట కింద ఉన్నది కట్టకిందపల్లె. ఆ ఊరి పైర్లు ఈ చెరువు నీళ్ళతో పండుతాయి. చెరువుకు ఎగువన ఉన్నది మిట్టపల్లె. ఆ ఊరి గొడ్లు ఈ చెరువులోనే తాగుతాయి. సుంకమయ్య చెయ్యి మునిగి ఉన్నంతకాలం నీళ్ళు పైరువి. చెయ్యి తేలిందా, తూము మూసెయ్యాలి. మిగిలినవి వానలు పడేదాకా గొడ్లవి. చెయ్యి తేలిందో లేదో చెప్పవలసిన సాక్షి రెండూళ్ళలో ఏమీ లేని పరాయివాడు. వాడు పుట్టి ఎక్కి నీళ్ళ మీద వెళ్ళి రాతి అరచేతిలో తమలపాకు పెడతాడు. ఆకు నిలిస్తే తూము మూత. తేలిపోతే ఇంకో రెండు దినాలు పారకం, మూడోనాడు మళ్ళీ ఆకు.

"పోయినేడు గాజులమ్మేటాయన చెప్పినాడు. ముందటేడు గడియారాలు బాగుజేసేటాయన. వాళ్ళ మాటకు ఎదురు లేదు," అన్నాడు ఏసోబు.

"మరి అధికార్లు రారా?"

"ఎందుకు రారు? ఒగసారి ఇద్దరొచ్చినారు. ఆ సుంకమయ్య మోచెయ్యి వరకు కర్నూలు జిల్లా అంట, అరచెయ్యి కడప జిల్లా అంట. మోచేతాయన సంతకం పెడితే అరచేతాయన ఒప్పుకోడు. ఇద్దరూ పొద్దు గూకేదాంక కొట్లాడుకుని పోయినారు."

ఈ ఏడు తగులాట ఎక్కడుందో కూడా ఆయనే చెప్పాడు. కట్టకిందపల్లెలో వరి అందరిదీ కోతకొచ్చింది. కాలవ మొదట్లో పెద్దరైతు ఓబుళరెడ్డికి చెరుకు ఉంది. దానికి సముద్రం పెట్టినా చాలదు. కాలవ కొసన సాలమ్మ అనే ఆమెకు అరెకరం వరికయ్య ఉంది. ఆమెకు నీళ్ళు అందరికంటె చివర అందుతాయి గనక నాట్లూ చివరే పడ్డాయి. ఇంకొక్క తడి అందకపోతే గింజ తాలుపోతుంది.

"ఇంక నేను చెప్పకూడదు," అని లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని రెండు జిల్లాలకూ వినబడేట్టు కేక పెట్టాడు. "సాచ్చి దొరికినాడో!"

తరవాత నావైపు తిరిగి మెల్లగా అన్నాడు. "రేపొద్దున ఆకు పెట్టేదాంక నీ ముందర ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. నువ్వూ అనకూడదు."

"ఏ మాట?"

ఏసోబు కళ్ళతో చెరువును చూపించాడు. "అదే."

రెండు విందులు

మధ్యాహ్నం ఓబుళరెడ్డి ఇంట్లో భోజనం. మా వైపు వియ్యాలవారికి కూడా ఇంత పెట్టరు, పెడితే మళ్ళీ వస్తారని భయం. అలసందల వడలు, నాటుకోడి కూర, నెయ్యిలో ఈదుతున్న ఓళిగలు, అంటే మా బొబ్బట్లే. నేను ముప్పై వడలు తిన్నాను. ముప్పయ్యొకటోది గొంతుకు అడ్డం పడింది. కళ్ళు తేలేశాను.

"ఇయ్యండిరా!" అని అరిచాడు ఓబుళరెడ్డి.

"ఏమియ్యాల రెడ్డీ?"

"అదేరా!"

"ఏదే?"

"చెంబులో ఉండేదిరా, మొద్దూ!"

"చెంబులో ఏముండాది రెడ్డీ?" అన్నాడు పాలేరు. వాడికి తెలియక కాదు, ఎవరు ముందు ఆ మాట అంటారో చూద్దామని. ఊరంతా నా ప్రాణం కంటె ఆచారం వైపే ఉంది. చివరికి ఓబుళరెడ్డి తల్లి వీపు మీద గుద్దిన గుద్దుకు వడ దిగింది, వెన్నెముక కదిలింది. ఆమె గ్లాసెడు మజ్జిగ ఇచ్చింది. అందులో ముప్పాతిక ఆ పేరెత్తకూడని పదార్థమేనని నాకు తెలుసు. మజ్జిగ బాగుందన్నాను.

ఆ బరువుతో కాలవ గట్టు మీద నడుస్తూ కొసదాకా వెళ్ళాను. అరెకరం కయ్య గట్టున అరవై ఏళ్ళ మనిషి కూచుని ఉంది. సాలమ్మేనా అంటే తలూపింది. ఆ మాట ఎత్తకూడదు కదా. ఒక వెన్ను తుంచి, ఒక గింజను నా గోటి మీద పెట్టి నొక్కింది. తెల్లటి పాలచుక్క వచ్చింది.

నేను డెల్టావాణ్ణి. పాలమీదున్న గింజ ఏమడుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వైపు అయితే ఆ పూటకు గండి కొట్టి, తడిపి, తరవాత క్షమాపణ చెప్పుకుంటాం.

"ఏడాది బువ్వ నాయనా ఇది," అంది. "నీకు పెట్టేదానికి నా తాన ఏమీ లేదు. రెడ్డి పెట్టినాడంట గదా?"

"పెట్టాడు."

"తిను. తిన్నదానికి సాచ్చెం చెప్పొద్దు. సూసింది చెప్పు."

సాయంత్రం మిట్టపల్లెలో నడిపిరెడ్డి ఇంట్లో విందు. డెబ్బై ఏళ్ళవాడు, ఎండుకట్టెలా ఉన్నాడు. ఆ ఊరికి ఆయన మాటే మాట. జొన్నరొట్టె, గడ్డపెరుగు పెట్టాడు. పెరుగు కత్తితో కోసి ఇవ్వాల్సి వచ్చింది. వాకిట్లో గేదెలున్నాయి, ఇక్కడ ఎనుములంటారు. మా వైపు గేదె నడిచివస్తే పక్కకు తప్పుకోవాలి. ఇక్కడివాటిని పక్కనుంచి చూస్తే రెండోపక్క ఎవరు నిలబడ్డారో తెలుస్తుంది.

నేను వెళ్ళగానే అవన్నీ లేచి నిలబడ్డాయి.

"చూసినావా అప్పా, నీకు మర్యాద చేస్తాండాయి," అన్నాడు నడిపిరెడ్డి. "మనిషొస్తే చెంబు తెచ్చినాడేమో అనుకుంటాయి."

ఆ మాట అనలేదు. చెంబు అన్నాడు, అంతే. అయినా నేను పెరుగు పళ్ళెం పక్కకు జరిపాను.

అరచేతిలో ఆకు

పొద్దున్నే స్నానం చేయించి, పరగడుపున పుట్టి ఎక్కించారు. పుట్టి అంటే వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రటి బుట్ట. ఒకవైపు ఏసోబు, ఒకవైపు నేను. నా వైపు దిగబడిపోయి ఏసోబు ఆకాశంలోకి లేచాడు. అది ముందుకు పోవడం మాని గిరగిరా తిరగసాగింది. నేను పద్ధెనిమిదిసార్లు కడప జిల్లాలోకి, పద్ధెనిమిదిసార్లు కర్నూలు జిల్లాలోకి వెళ్ళివచ్చాను. కట్ట మీద ఒక ఊరు, ఎగువ గట్టున ఒక ఊరు. నవ్వడంలో మాత్రం ఆ రెండూళ్ళ మధ్య తగువు లేదు.

మంటపం దగ్గరికి చేరాం. నాలుగు స్తంభాల పైభాగాలు, ఒకదాని మీద సుంకమయ్య. పాచిపట్టిన తలపాగా, ఎండ్రకాయ కాపురముంటున్న మీసం, ముందుకు చాచిన చెయ్యి. ఇప్పటి అధికార్లు బల్లకింద చాచేదాన్ని ఆయన బహిరంగంగా చాచాడు, అదొక్కటే తేడా.

ఏసోబు నాకు ఆకు ఇచ్చి, వీపు తిప్పి కూచున్నాడు. సాక్షి తప్ప ఎవరూ చూడకూడదు.

చెయ్యి తేలి ఉంది. వేలెడు మందాన తేలి ఉంది. అరచెయ్యి పొడిగా, ఎండకు వెచ్చగా ఉంది. ఆకు పెట్టాను. ఆకు కదల్లేదు.

చెప్పడానికి నోరు తెరిచాను. మిట్టపల్లెవాళ్ళు తమకు మాట్లాడే హక్కు లేదు గనక గొడ్లచేత మాట్లాడిద్దామనుకున్నారు. నిన్న సాయంత్రంనుంచి తాపకుండా, నాలుకలు వేలాడేట్టు చేసి, నా కళ్ళబడేట్టు ఎగువ గట్టున వరసగా నిలబెట్టారు. మూడు వేల గేదెలుంటాయి; ఏసోబు అరవై అన్నాడు. ముందు నిలబడిన ముసలి గేదెకు ఆచారం తెలియదు. ఒక్క ఊపుతో తాడు తెంచుకుని చెరువులో పడింది. దాని వెనక తక్కినవన్నీ. మిట్టపల్లె మిట్టపల్లంతా తోకలు పట్టుకుని వెనక్కి లాగుతోంది. తోకలతోపాటు కొందరు చెరువులోకి వచ్చారు.

అలలు లేచాయి. ఒకటి స్తంభానికి కొట్టుకుంది. రెండోది సుంకమయ్య మోచెయ్యి ఎక్కి, అరచేతిలోకి వచ్చి, ఆకును తీసుకుపోయింది. నీళ్ళు మళ్ళీ దిగాయి. చెయ్యి కారుతూ, ఖాళీగా, అలాగే చాచి ఉంది.

కట్ట మీంచి ఓబుళరెడ్డి గొంతు వినిపించింది. "సాచ్చీ! ఆకు నిలిచిందా, తేలిందా?"

ఇంకో ఆకు పెట్టవచ్చు. ఏసోబు మొలలో ఇంకా రెండున్నాయి. నేను నా గోరు చూసుకున్నాను.

"ఆకు తేలిపోయింది," అన్నాను.

ఒక్క అక్షరం పెంచలేదు, తగ్గించలేదు. ఏనుగును చూసి పర్వతమన్నవాణ్ణి, చీమను చూసి ఏనుగన్నవాణ్ణి. పుట్టి బుద్ధెరిగాక నేనాడిన అతి పెద్ద అబద్ధం మాత్రం ఉన్నదున్నట్టుగా చెప్పిన ఆ రెండు ముక్కలే.

కట్ట మీద ఈలలు, కేకలు. నిన్నటినుంచి బిగబట్టిన 'నీళ్ళు' అనే మాట రెండు వేల నోళ్ళలోంచి ఒక్కసారి బయటపడింది. ఎగువ గట్టున నడిపిరెడ్డి మాత్రం అరవలేదు. "సాచ్చి మాటకు ఎదురు లేదు. పాండ్రా," అని తనవాళ్ళను తీసుకుపోయాడు. పోతూ పోతూ ఒకసారి చెయ్యి వైపు, ఒకసారి నావైపు చూశాడు.

కాలవ వెంబడి

ఆ రోజంతా తూము పారింది. సాయంత్రం కాలవ కొసకు వెళ్ళాను. సాలమ్మ కాలవలో కూచుని ఉంది. కూచునేంత పొడిగా ఉంది కాలవ.

రెండోరోజు పొద్దున్న ఓబుళరెడ్డి దగ్గరికి వెళ్ళాను. చెరుకుతోటలో నీళ్ళు మోకాలిలోతున నిలబడి ఉన్నాయి. కప్పలు కాపురాలు పెట్టేసుకున్నాయి. ఆయన తోట తరవాత ఇంకో నలుగురి మళ్ళు, కోతకు సిద్ధమైనవి, అవీ తాగుతున్నాయి. అవసరం లేని నీళ్ళయినా సరే, వచ్చేవి వదులుకోవడం వాళ్ళకు చేతకాలేదు.

"సాలమ్మకు ఇంకా అందలేదండీ," అన్నాను.

"అందుతాయిలేప్పా. నీళ్ళు పల్లానికే గదా పోయేది. తొందరేముండాది? రా, వడలు తిందువు."

నా జన్మలో మొదటిసారి వడలు వద్దన్నాను. ఆయన నిజంగానే కంగారుపడ్డాడు, జ్వరమేమోనని నుదురు చూశాడు.

అంతలో కట్ట దిగి పదిమంది వస్తున్నారు, భుజాన పారలతో. ముందు నడిపిరెడ్డి. కొట్లాటే అనుకుని నేను చెరుకులోకి నాలుగడుగులు వెనక్కి వేశాను. కప్పలు దారి ఇచ్చాయి. ఆయన నన్ను దాటి నేరుగా వెళ్ళి, చెరుకుతోటలోకి పోయే మడవకు తనే మట్టి ఎత్తి పోశాడు. మడవ మూతపడింది.

"మా ఆయకట్టులో మిట్టపల్లెకేం పని నడిపన్నా?" అన్నాడు ఓబుళరెడ్డి.

"ఓడిపోయినా గదప్పా. ఓడిపోయిన నీళ్ళు యాడికి పోతాండాయో చూసుకునేదానికి వచ్చినా."

"సాచ్చి చెప్పినాడు. ఆకు తేలింది. రెండు దినాలు నీళ్ళు మావి."

"అట్లనా. అయితే పా, ఇప్పుడే ఇంగో ఆకు పెట్టిద్దాం. ఈసారి ఎనుములను ఇంటికాడ కట్టేసొచ్చినా."

ఓబుళరెడ్డి నావైపు చూశాడు. నేను చెరుకు ఎంత బాగా ఎదిగిందో పరిశీలిస్తున్నాను. ఆయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆకు మాట ఎత్తలేదు.

నడిపిరెడ్డి మనుషులు కాలవ వెంబడి పోతూ ప్రతి మడవా మూశారు, ప్రతి మడవ దగ్గరా పారతో ఒక మనిషి నిలబడ్డాడు. నేను ముసలాయన వెంట నడిచాను.

"అరవై ఏండ్లుగా ఆ చేతిని చూస్తాండానప్పా," అన్నాడు చివరికి. "దాని వేలి గణుపు తేలినా నాకు తెలుస్తాది, గట్టున నిలబడి."

నేను తల దించుకున్నాను.

"నువ్వు చెప్పింది అబద్ధమని తెలుసు. ఎవురికోసమో గూడా తెలుసు. నీ రెండు దినాల నీళ్ళు మా గొడ్లకు ఇరవై దినాల తాపు. అబద్ధానికి పోతే పోయినాయి. చెరుక్కు మాత్రం పోనియ్యను."

కాలవలో నీళ్ళు మా కంటె నెమ్మదిగా వస్తున్నాయి, ఎండుటాకులను, చీమలను ముందుకు తోసుకుంటూ, ప్రతి పగులు దగ్గరా ఆగి తాగించి. నేను ఇంతకుముందు నీళ్ళ వెంట ఎన్నడూ నడవలేదు. మా వైపు అవే మన వెంట పడతాయి. కొసకు చేరేసరికి పొద్దు వాలింది. సాలమ్మ కాలవలోంచి లేచి పక్కకు జరిగి, చేత్తోనే గట్టు తెంచింది. నీళ్ళు కయ్యలోకి తిరిగాయి. మొదళ్ళ చుట్టూ బుడగలు. మేం ముగ్గురం గట్టున నిలబడి చూశాం.

చీలమండలోతు నిండాక నడిపిరెడ్డి అడిగాడు. "సాలునా?"

సాలమ్మ కయ్యలోకి దిగి, నాలుగు మూలలా నడిచి, ప్రతి మూలా కాలితో లోతు చూసింది. ఇంకో పూట పారకం మిగిలి ఉందని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"సాలు రెడ్డీ," అంది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తి ఊపాడు. పై మడవ దగ్గరి మనిషి తన తువ్వాలు ఊపాడు, వాడి పైవాడు తనది, అలా కట్టదాకా. కాసేపటికి తూము రాయి పడిన చప్పుడు వినిపించింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆకు ఎవరి దగ్గరా లేదు.

నడిపిరెడ్డి పార భుజాన వేసుకుని మిట్టపల్లె దారి పట్టాడు. సాలమ్మ కాళ్ళ బురద కడుక్కోకుండా గడ్డితో తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఏం నాయనా, నువ్వింకా ఈడే ఉండావా? కోయిలకుంట్లకు పోయే బండి పోతాంది సూడు!"